జెన్నే మట్టి మసీదుకు సిమెంటు ఎందుకు పూయరు?

మీరు అడిగినవి మూడు. పశ్చిమ ఆఫ్రికా దేశం మాలీలోని జెన్నే మసీదు మొత్తం మట్టే అయినప్పుడు వందేళ్లకు పైగా వానల్లో ఎలా నిలిచింది? ఏటా ఊరంతా కలిసి మట్టి మెత్తే బదులు ఒక్కసారి సిమెంటు కొట్టేస్తే పీడా పోదా? కర్నూలు వైపు మీ తాతల నాటి మట్టి మిద్దెకు ఆ పద్ధతి పనికొస్తుందా? సిమెంటు సంగతి ముందు చెప్తాను. అది తేలితే మిగతా రెండూ సులువు.

మట్టిగోడలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. పునాది నుంచి పైకి పాకేది కొంత, వానకు పీల్చుకునేది కొంత, లోపల జనం ఊపిరి వల్ల చేరేది కొంత. ఎండ కాయగానే ఆ చెమ్మ గోడ ముఖం మీదుగా ఆవిరై పోవాలి. మట్టిపూత దాన్ని పోనిస్తుంది. సిమెంటు పూత చాలావరకు ఆపేస్తుంది. పైగా మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. సిమెంటు దానితో పాటు కదలదు. రెండు మూడేళ్లలో సన్నని గీతల్లాంటి పగుళ్లు పడతాయి. వాన నీరు ఆ పగుళ్లలోంచి లోపలికి దూరుతుంది కానీ బయటికి వచ్చే దారి దొరకదు. పూత వెనుక మట్టి అడుసై కిందికి జారుతుంది. బయటి నుంచి చూస్తే గోడ నున్నగా బ్రహ్మాండంగా ఉంటుంది. వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఒకరోజు పెచ్చు పెచ్చంతా ఊడి పడుతుంది, దాన్ని పట్టుకుని జానెడు మందం అసలు గోడ కూడా వస్తుంది.

ఇది ఊహ కాదు. జెన్నేకు ఉత్తరాన మోప్తి పట్టణంలో 1930, 40లలో కట్టిన మట్టి మసీదు ఉంది. 1978లో దాని పైభాగానికి మరమ్మతు పేరుతో సిమెంటు పూశారు. లోపల గోడ దెబ్బతింది. 2004–2006 మధ్య, పాత కట్టడాలను కాపాడే ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు ఆ సిమెంటు మొత్తం ఒలిచి, చెడిన భాగాన్ని మట్టి ఇటుకలతో తిరిగి కట్టాల్సి వచ్చింది. జెన్నేలోనే కొందరు ఏటా మెత్తే ఖర్చు తప్పుతుందని ఇంటిగోడల మీద కాల్చిన మట్టి బిళ్లలు అతికించుకున్నారు. అక్కడ జరిగేదీ అదే. బిళ్ల బాగానే ఉంటుంది, దాని వెనుక గోడ పోతుంది.

కాబట్టి సూత్రం ఇది: పూత గోడ కన్నా మెత్తగా ఉండాలి. వాన కొట్టినప్పుడు అరగాల్సింది పూతే కానీ గోడ కాదు. చీపురు అరుగుతోందని ఇనుప చీపురు కొంటే నేల అరుగుతుంది. జెన్నేలో ఏటా మెత్తడం ఆ కట్టడంలోని లోపాన్ని కప్పిపుచ్చే పని కాదు. కట్టిన మేస్త్రీలు ముందే లెక్కలోకి తీసుకున్న పని. దీన్ని పట్టించుకోకుండా ‘మట్టితో కట్టినా నిలిచిన అద్భుతం’ అని రాసేవాళ్లు అసలు విషయం తలకిందులుగా చెప్తున్నారు.

ఇక ఆ మట్టి ఎలాంటిదో చూద్దాం. జెన్నే, బాని నది ఒడ్డున, నైజర్ నది లోతట్టు డెల్టాలో ఉంది. వరద కాలంలో ఊరు చుట్టూ నీళ్లు చేరి దీవిలా అవుతుంది. వరద తీశాక మిగిలే ఒండ్రే వాళ్ల ముడిసరుకు. అక్కడ బాంకో అంటారు. ఆ ఒండ్రును గుంటల్లో వేసి, నీళ్లు పోసి, వరి ఊక కలిపి రోజుల తరబడి, వీలైతే వారాల తరబడి నానబెడతారు. మధ్య మధ్య పిల్లలు దిగి తొక్కుతారు. మన దగ్గర అడుసు తొక్కినట్టే, కాకపోతే అక్కడ అది పిల్లలకు ఆట కూడా. కొన్నిచోట్ల షియా అనే చెట్టు గింజల వెన్న, బావోబాబ్ చెట్టు కాయల పొడి కూడా కలుపుతారు. వాన నీరు తొందరగా ఇంకకుండా ఉండటానికి.

నానబెట్టడం ఎందుకంటే, ఊక కుళ్లుతున్నప్పుడు జిగురు లాంటి పదార్థాలు పుడతాయి. అవి మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. కుళ్లకుండా మిగిలిన ఊక నారలా పనిచేసి, ఆరేటప్పుడు నెర్రెలు ఇవ్వకుండా ఆపుతుంది. పులిసిన మట్టికి ఘాటు వాసన ఉంటుంది, రంగు నల్లబడుతుంది, చేతికి వెన్నలా జారుతుంది. తొందరపడి నిన్న కలిపింది ఇవాళ మెత్తితే ఊక ఊకలాగే ఉంటుంది, మట్టి మట్టిలాగే ఉంటుంది. మొదటి పెద్ద వానకే ఊక తేలి కొట్టుకుపోతుంది. మెత్తిన పూత విఫలమైన చోట మొదట అనుమానించాల్సింది ఇదే.

రెండో అనుమానం మట్టిలో బంక ఎంత ఉందన్నది. బంక ఎక్కువైతే ఆరగానే రేగడి పొలంలా నెర్రెలిస్తుంది. ఇసుక ఎక్కువైతే వేలితో రుద్దితే రాలిపోతుంది. జెన్నే మేస్త్రీలు నలిపి చూసి చెప్తారు. ఆ చేతివాటం లేనివాళ్లకు రెండు పరీక్షలు చాలు. ఒక గాజు సీసాలో పావు వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగు పడుతుంది, సన్నని ఒండ్రు గంటా రెండు గంటల్లో, బంక ఒక రోజుకు. పొరల మందం చూస్తే పాళ్లు తెలుస్తాయి. రెండోది, తడిపిన మట్టిని 3 సెంటీమీటర్ల మందాన చుట్టలా చేసి బల్ల అంచు మీదుగా మెల్లగా ముందుకు తోయండి. 5 సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుక ఎక్కువ. 15 దాటినా తెగకపోతే బంక ఎక్కువ. మధ్యలో తెగేది పూతకు పనికొస్తుంది.

గోడల సంగతి. ఇప్పుడున్న మసీదు 1906–07లో కట్టింది. పనిని నడిపించింది అప్పటి మేస్త్రీల సంఘం పెద్ద ఇస్మాయిలా ట్రావోరే. ఆ సంఘాన్ని బారే తోన్ అంటారు, బారే అంటే మేస్త్రీ. వాళ్లు వాడింది అచ్చు ఇటుకలు కాదు, చేత్తో గుండ్రంగా చుట్టిన ఇటుకలు. వాటి పేరు జెన్నే ఫెరే. అచ్చులో పోసే పలక ఇటుకలు ఫ్రెంచివాళ్ల కాలంలో వచ్చాయి కాబట్టి వాటిని తుబాబు ఫెరే, అంటే తెల్లవాళ్ల ఇటుకలు అంటారు. గోడలు ఎత్తును బట్టి 40 నుంచి 60 సెంటీమీటర్ల మందం. బజారు వైపుండే తూర్పు గోడ, అదే కిబ్లా గోడ (నమాజుకు మక్కా దిక్కు చూపే గోడ), దాదాపు ఒక మీటరు. దానికి బయటి నుంచి 18 ఆనుడు స్తంభాలు, మూడు మినార్లు. నడిమి మినారు సుమారు 16 మీటర్లు. మినార్ల కొనల మీద నిప్పుకోడి గుడ్లు పెట్టి ఉంటాయి, అవి సంతానానికీ స్వచ్ఛతకూ గుర్తు. లోపల నమాజు చేసే హాలులో 90 స్తంభాలు. అన్ని ఉండటం వల్ల చూపు ఆనదు కానీ, మట్టి పైకప్పు బరువును మోయాలంటే వేరే దారి లేదు. దూలం పొడవు ఎంతో, స్తంభాల మధ్య జాగా అంతే.

ఆ దూలం మీకు బాగా తెలిసిన చెట్టుదే. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రల కట్టలు చూశారు కదా, వాటిని తోరోన్ అంటారు. అవి ఆఫ్రికా తాటి చెట్టువి, మన తాడికి స్వయానా దాయాది. ముదిరిన తాటి కర్రను చెదలు అంత తేలిగ్గా ముట్టవు, అందుకే అక్కడా ఇక్కడా ఇంటికప్పులకు అదే వాడారు. కాకపోతే చెట్టు ముదిరి ఉండాలి. బయటి నల్లని చేవ భాగమే గట్టి, లోపలి గుజ్జు పనికిరాదు. లేత చెట్టును కోసి పెడితే అయిదారేళ్లలో లోపల డొల్ల పడుతుంది.

తోరోన్ గోడ నుంచి సుమారు 60 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. చూడటానికి అలంకారం, పనికి నిచ్చెన. మెత్తే రోజు మేస్త్రీలు వాటి మీద నిలబడే పైకి పోతారు. వెదురు పరంజా కట్టి విప్పే పనే లేదు. కానీ ప్రతి కర్రా గోడలో ఒక చిల్లు. కర్ర ఎండకు కుంచించుకుంటే చుట్టూ సందు ఏర్పడి, వాన నీరు కర్ర వెంటే లోపలికి పోతుంది. మెత్తేటప్పుడు కర్ర మొదట చుట్టూ మట్టిని వేళ్లతో లోపలికి కుక్కి, కిందికి వాలుగా దిద్దాలి. దీన్ని ఒదిలేస్తే గోడ కర్ర కింద నుంచి నాలుకలా అరుగుతుంది. ఫోటోల్లో మీకు కనిపించే నిలువు చారల్లో కొన్ని ఇవే.

మెత్తే రోజు గురించి చాలా రాశారు, నేను పనివరకే చెప్తాను. వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. కాబట్టి వాటికి ముందు, ఎండాకాలంలో చేస్తారు. పూత గట్టిగా ఎండాలి కానీ నిప్పులాంటి ఎండకు పైపైన ఎండి లోపల పచ్చిగా ఉండకూడదు. అందుకే తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా చాలా పని ముగిస్తారు. ముందు రాత్రంతా ఊరు మేలుకునే ఉంటుంది. పేటలు పోటీలు పడతాయి, ఎవరు ముందు మట్టి తెచ్చి గోడకు చేరుస్తారా అని. ఆడవాళ్లు, అమ్మాయిలు బాని నుంచి నీళ్లు మోస్తారు. కుర్రవాళ్లు తట్టల్లో మట్టి మోస్తారు. గోడ ఎక్కి మెత్తేది మాత్రం మేస్త్రీలే, ఉత్త చేతులతో. ఒకప్పుడు ఈ పని చేసి ముసలివాళ్లైన వాళ్లకు బజారులో గౌరవంగా కూర్చోవడానికి చోటుంటుంది, పని సాగడం అక్కడి నుంచే చూస్తారు.

ఉత్త చేతులు అనేది నాటకం కాదు. తాపీతో పూస్తే పూత అద్దంలా నున్నగా వస్తుంది, లోపల గాలి బుడగ ఉండిపోతుంది. అరచేత్తో ఒత్తితే పాత పొరలోని గరుకులోకి కొత్త మట్టి దిగుతుంది. ముందు పాత గోడను నీళ్లతో తడపాలి. ఎండిన గోడ మీద మెత్తితే అది కొత్త పూతలోని నీళ్లను క్షణంలో పీల్చేసి, పూతను పట్టకుండానే ఎండబెడుతుంది. వాన కోసిన గాడులను ముందు విడిగా పూడ్చి కొంచెం ఆరనిచ్చి, ఆపైన మొత్తం మీద ఒక చెయ్యి. ఒక్కో చెయ్యి వేలెడు మందం దాటకూడదు. మందంగా ఒకేసారి వేస్తే దాని బరువుకే జారుతుంది.

జెన్నేలో ఇళ్లకు కూడా మేస్త్రీలు వంశపారంపర్యంగా ఉంటారు, ఫలానా ఇంటికి ఫలానా మేస్త్రీ కుటుంబం. మన ఊళ్లలో ఒకప్పటి ఆయగాళ్ల పద్ధతి గుర్తొస్తుంది. గోడలో ఏ మూల ఎప్పుడు చెడిందో, దూలం ఎప్పుడు మార్చారో తాతల నుంచి ఆ కుటుంబానికి తెలుసు. కాగితం మీద లేని ఆ వివరమే అక్కడి రిపేరు పుస్తకం. ఆ కుటుంబం ఊరు విడిచి పోతే ఇల్లు కూడా పోయే దారి పడుతుంది.

గోడ కన్నా ప్రమాదం కప్పుది, అంటే కప్పు మీది నీళ్లది. మసీదు కప్పు చుట్టూ కాల్చిన మట్టి దోనెలు గోడకు దూరంగా పొడుచుకొచ్చి ఉంటాయి. కప్పు మీద పడిన వాన వాటిలోంచే గోడకు తగలకుండా కింద పడాలి. ఒక్క దోనె పూడిందనుకోండి, నీళ్లు కప్పు మీద నిలిచి అంచు దాటి గోడ వెంట దిగుతాయి. ఒక్క వానాకాలం చాలు, ఆ చోట గోడ సగం మందం పోవడానికి. దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. అసలు మొదటి మసీదును 13వ శతాబ్దంలో, ఇస్లాంలోకి మారిన ఆ ఊరి పాలకుడు కొయ్ కొన్‌బోరో కట్టించాడంటారు. 19వ శతాబ్దంలో జెన్నేను గెలిచిన సెకు అమడుకు ఆ మసీదు నచ్చలేదు. మసీదును పడగొట్టడం తప్పు కాబట్టి దోనెలు మూయించి వానకు వదిలేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, మట్టి కట్టడాన్ని చంపడానికి అంతకు మించి అక్కర్లేదన్నది మాత్రం నిజం. 1828లో ఫ్రెంచి యాత్రికుడు రెనే కాయే చూసేసరికి అందులో వేల పక్షులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. అమడు 1834–36లో పక్కనే తనకు నచ్చిన సాదా మసీదు కట్టించాడు.

ఒక చిన్న మాట. ఈ కట్టుబడి మొత్తం ఒక అరబ్బు కవి నేర్పాడని కొన్ని చోట్ల చదివి ఉంటారు. 1324లో హజ్ యాత్రకు వెళ్లిన మాలీ చక్రవర్తి మన్సా మూసా వెంట వచ్చిన అస్సాహిలీ అనే ఆండలూసియా కవి గురించి. టింబక్టూలోని జింగరేబెర్ మసీదుతో అతని పేరు ముడిపెడతారు. సరే, కానీ జెన్నే పక్కనే ఉన్న జెన్నే జెనో దిబ్బను 1977 నుంచి తవ్విన రోడెరిక్, సూసన్ మెకింటోష్‌లకు క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి నివాసాలు దొరికాయి. మట్టి కట్టడం అతను పుట్టడానికి చాలా ముందే ఆ నదీతీరంలో ఉంది. అతను నేర్పి ఉంటే కొత్త ఆకారం నేర్పి ఉండొచ్చు, మట్టి పని కాదు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా చెప్పని సంగతి. ఏటా మెత్తడం మంచిదే, కానీ అరిగినంతే మెత్తాలి. పండగ ఉత్సాహంలో పేటలు పోటీపడి మట్టి తెస్తాయి, తెచ్చిన మట్టిని వెనక్కి పంపరు. పూత పొర మీద పొర పేరుకుంటుంది. గోడ మూలలు గుండ్రబడి, కొనలు లావెక్కి, ఆకారమే మారుతుంది. అది చూపులకు మాత్రమే. కప్పు మీద పేరుకున్న మట్టి నిజమైన బరువు. కింద తాటి దూలాలు అంతే ఉంటాయి, పైన బరువు పెరుగుతూ పోతుంది. 2006లో కప్పు స్థితి చూడటానికి ఆగా ఖాన్ ట్రస్ట్ నిపుణులు మట్టి తవ్వడం చూసి ఊరు భగ్గుమంది, అల్లర్లయ్యాయి. మసీదు మీద ఊరికి తెలియకుండా గడ్డపార పడకూడదన్న పాఠం ఆ ట్రస్టుకు అప్పుడే అర్థమై ఉండాలి. తర్వాతి పునరుద్ధరణలో బారే తోన్ మేస్త్రీలతో కలిసే పేరుకున్న పొరలు తీశారు. ఆ పని నడుస్తుండగానే 2009 నవంబర్ 5న, 24 గంటల్లో 75 మిల్లీమీటర్ల వాన పడి తూర్పు గోడ మీది దక్షిణ మినారు పైభాగం కూలింది. కాలం కాని కాలంలో వాన. దాన్ని మళ్లీ కట్టారు.

పునాది గురించి ఒక్క మాటతో సరిపెడతాను. మసీదు మొత్తం 75 మీటర్ల చదరపు అరుగు మీద, బజారు మట్టానికి దాదాపు 3 మీటర్ల ఎత్తున ఉంది. వరద నీరు గోడ మొదలును తాకదు. మట్టిగోడ చావు ఎక్కువగా కింది నుంచే మొదలవుతుంది. చెమ్మతో పాటు ఉప్పు పైకి వచ్చి, గోడ మొదట్లో అడుగెత్తు దాకా బూడిదలా రాలుస్తుంది.

మీ మిద్దెకు వస్తే, మీ దగ్గర పద్ధతి అసలు వేరేది కాదు. కప్పు మీద చౌడు మట్టి, కింద దంతెలు అనే అడ్డకర్రలు, పొగకూ వెలుగుకూ కప్పులో గవాక్షి అనే రంధ్రం. జెన్నే మసీదు కప్పులో కూడా ఇలాంటి రంధ్రాలే ఉంటాయి, వానొస్తే కాల్చిన మట్టి మూతలు పెడతారు. అంటే మీరు అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది పద్ధతి కాదు, క్రమం.

ముందు సిమెంటు ఉంటే తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట ఒలిచేయాల్సిందే, గట్టిగా పట్టుకున్న చోట బలవంతంగా పీకితే గోడ ఊడుతుంది కాబట్టి వానాకాలం అయ్యాక, గోడ పొడిగా ఉన్నప్పుడు, కొంచెం కొంచెంగా. దోనెలు మేలో తీసి కడగండి. కనీసం జానెడున్నర బయటికి ఉండాలి. కప్పుకు చౌడు ఏటా వేస్తుంటే, వేసే ముందు పాత దానిలో వదులైనది చెక్కి తీయండి, దంతెల మధ్యభాగం వంగి కనిపిస్తే అసలు కొత్త చౌడు వేయకండి, ముందు కింద ఊతం పెట్టండి. పూతకు ఎర్రమట్టి, ఊక కలిపి కనీసం రెండు వారాలు పులియబెట్టి, రెండు రోజులకోసారి తొక్కించండి. మొత్తం గోడకు పూసేముందు ఒక గజం చోట పూసి వారం ఆగండి. నెర్రె ఇస్తే ఇసుక కలపండి, రాలితే బంకమట్టి. గోడ మొదలు చుట్టూ సిమెంటు గచ్చు వేయాలని ఎవరైనా చెప్తే వద్దనండి. అది నేలలో చెమ్మను బయటికి పోనివ్వదు, అంతా గోడలోకే ఎక్కుతుంది. గులకరాళ్లు పోసి, నీళ్లు ఇంటికి దూరంగా పోయేలా వాలు తీస్తే చాలు.